రిబ్బన్ కింది నుంచి

మా అత్త సమ్మమ్మ కొత్తిమీర మీద చల్లిన నీళ్లలో సగమైనా తన గొంతులో పోసుకొని ఉంటే నేనీ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు. పొద్దున చాయ్ తాగి మార్కెట్‌కు వచ్చిందంటే మళ్లీ ఇల్లు చేరేదాకా ఆమె చుక్క ముట్టేది కాదు. ఆమె ఒక్కతే కాదు, మా ఊరి కూరగాయల మార్కెట్లో కూర్చునే ఆడవాళ్లమందరమూ అంతే. తోటకూర వాడిపోతుంటే అయ్యో పాపం అని బిందెలకు బిందెలు కుమ్మరిస్తాం. మా పెదాలు ఎండి పగిలిపోతుంటే నాలుకతో తడుపుకుంటాం. తాగితే వెళ్లాలి కదా. వెళ్లడానికి చోటేదీ?

మగవాళ్లకేం, గోడ కనిపిస్తే చాలు. మాకు ఒకప్పుడు పాత సినిమా హాలు వెనక తుమ్మచెట్ల చాటు ఉండేది. హాలు కూల్చి షాపులు కట్టాక అదీ పోయింది. నిమ్మకాయలు, పుదీనా అమ్మే లాల్‌బీ మిట్టమధ్యాహ్నం ఎండలో పడి తన చెల్లెలి ఇంటిదాకా నడిచి వెళ్లేది. తిరిగి వచ్చేసరికి బేరాలన్నీ పక్కవాళ్లకు పోయేవి. ఆమె మొహం చూస్తే ఎవరూ పలకరించేవాళ్లు కాదు.

అలాగని మార్కెట్లో బాత్రూంలు లేవా అంటే, ఉన్నాయి. నా కడుపుమంట అదే. మా జాగాకు ఎదురుగానే, తెల్లటి టైల్స్ వేసి, గులాబీ రంగు పూసి, గోడ మీద చీర కట్టిన ఆడమనిషి బొమ్మ గీసి, పైన నల్ల ట్యాంకు ఎక్కించి, ముచ్చటగా కట్టారు. కట్టి తాళం వేశారు. ఎందుకంటే ప్రారంభోత్సవం కాలేదు. కట్టించింది మున్సిపాలిటీ, స్థలం మార్కెట్ కమిటీది. శిలాఫలకం మీద మున్సిపల్ చైర్మన్ రాజేశ్వర్ రావు పేరు పైన ఉండాలా, మార్కెట్ కమిటీ చైర్మన్ హరికృష్ణ పేరు పైన ఉండాలా అన్నది తెగలేదు. ఒక రాయి చెక్కిస్తే హరికృష్ణ మనుషులు వద్దన్నారు. మార్చి ఇంకో రాయి చెక్కిస్తే రాజేశ్వర్ రావు మనుషులు వద్దన్నారు. చివరికి తలుపుకు తాళం బిగించి ఎవరి ఇంటికి వాళ్లు పోయారు. మా ఊళ్లో రిబ్బన్ తెగనిదే బోరింగు నీళ్లు కూడా ఎవరూ కొట్టుకోరు మరి!

మా పక్కన లాల్‌బీ తమ్ముడు లియాఖత్ అలీ తర్బూజ బండి పెట్టేవాడు. రోజూ ఎర్రటి ముక్క ఒకటి కోసి మా అత్త వైపు చాపేవాడు.

"అమ్మా, జర ఓ ముక్క తినరాదు. పానం సల్లవడ్తది."

"వద్దు బిడ్డా. గది తిన్నంక నేను యాడికి ఉరకాలె?"

అతను ఆ తాళం వైపు చూసి, ముక్క మళ్లీ బండి మీద పెట్టేవాడు. అలా వేసవి నడిచింది.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు, కొత్తిమీర మీద నీళ్లు చల్లుతూ చల్లుతూనే అత్త పక్కకు ఒరిగిపోయింది. చెంబు దొర్లి రోడ్డు మీదికి పోయింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మా ఆయన సదానందం కేసముద్రం మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేయడానికి ట్రాలీ ఆటో తీసుకుని పోతూ దారిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే బస్తాలతో సహా వెనక్కి తిప్పుకొచ్చాడు. వరంగల్ దవాఖానకు చేరేదాకా నేను ఆమె తల ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ చిన్న వయసుది. పరీక్షలన్నీ చూసి అడిగింది.

"అమ్మా, రోజూ నీళ్లు మంచిగ తాగుతున్నవా?"

"తాగుత బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగుత."

"చాయ్ కాదు, నీళ్లు."

అత్త నా వైపు చూసింది. ఎందుకు తాగదో నేనే చెప్పాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"మూత్రం ఆపుకుని ఆపుకుని ఇన్ఫెక్షన్ కిడ్నీల దాక పోయింది. ఇప్పుడైతే మందులకు తగ్గుతది. మళ్ల ఇట్లనే ఆపుకుంటే మాత్రం మా చేతుల ఉండదు. నీళ్లు తాగుతనే ఉండాలె, వచ్చినప్పుడల్లా పోవాలె. పోనీకె వీలులేని కాడ కూర్చోవద్దు."

బయటికి రాగానే మా ఆయన తేల్చేశాడు. "ఇగ ఐపోయింది. అమ్మ మార్కెట్‌కు రాదు. ఇంట్ల కూసుంటది."

ఇంటికొచ్చి మంచం మీద పడుకోబెట్టాక అత్త నన్ను పిలిచింది.

"నా జాగల ఎవలు కూసుంటరు?"

"నేను కూసుంట అత్తమ్మా."

"నీకు కొత్తిమీర కట్టనస్తదా?"

"పెండ్లైన కాన్నుంచి కడుతనే ఉన్న గదా!"

"కడుతానవ్ తియ్. అవి కట్టలేనా? సంచిల ఏస్తే ఊడిపోతయ్."

జ్వరంతో కళ్లు తెరవలేని మనిషి కట్టలకు వంక పెడుతోంది. గుండె కాస్త కుదుటపడింది నాకు. తిడుతోందంటే మా అత్త బాగున్నట్టే లెక్క.

కానీ రోజులు గడిచేకొద్దీ ఆ తిట్లు ఆగిపోయాయి. జ్వరం తగ్గింది, నీళ్లు డాక్టరమ్మ చెప్పినట్టే తాగేది, పిల్లల జోలికి గానీ నా జోలికి గానీ వచ్చేది కాదు. తెల్లారకముందే లేచి తల దువ్వుకుని కొప్పు పెట్టుకుని గడప మీద కూర్చునేది. నేను ఆకుకూరల మూటలు ఆటోలో వేసుకుని బయలుదేరితే, బండి సందు తిరిగేదాకా చూసి లోపలికి పోయేది. పప్పులో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తినేది. కోడలికి అంతకంటే ఏం కావాలి అంటారేమో. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఆ మనిషి ఉన్నచోటే కొంచెం కొంచెంగా వాడిపోతోంది.

మార్కెట్లోనూ అదే గోల. "మీ అత్త ఏది?" అని అడగని గిరాకీ లేదు. పాలకుర్తి నుంచి వంకాయలు తెచ్చే ముసలాయన రోజూ అడిగి, రోజూ తల ఊపి పోయేవాడు. నేను పెళ్లయి ఈ ఊరికి రాకముందు నుంచీ ఆమె కూర్చున్న చోటది. మామ పోయాక నలుగురు పిల్లలను ఆ చోటి మీదనే సాకింది. ఇంట్లో ఆమె ఒకరికి తల్లి, ఒకరికి అత్త. అక్కడ మాత్రం ఆమె సమ్మమ్మ. ఎదురుగా ఆ గులాబీ గోడ, ఆ తాళం చూసినప్పుడల్లా నా ఒళ్లు మండిపోయేది.

ఒక సోమవారం బేరాలు కాగానే మున్సిపాలిటీ ఆఫీసుకు పోయాను. తాళంచెవి అటెండరు యాకయ్య దగ్గర ఉందన్నారు. నడుముకు గుత్తి వేలాడేసుకుని తిరిగే మంచి మనిషి, మాకు దూరపు చుట్టం కూడా.

"యాకయ్య బాబాయ్, గా తాళం ఒక్కసారి తియ్యరాదూ?"

"నాకేం నొప్పి బిడ్డా? తీసిన్నంటే నా కొలువు పోతది. ఓపెనింగ్ కాలే గదా."

రాజేశ్వర్ రావును కలిశాను. "నేను రెడీగా ఉన్నానమ్మా, ఆ హరికృష్ణనే అడుగు" అన్నాడు. హరికృష్ణను కలిశాను. "నేనెప్పుడో రెడీ చెల్లే, ఆ రాజేశ్వర్ రావునే అడుగు" అన్నాడు. ఇద్దరూ రెడీయే. ఇద్దరి ఇళ్లలోనూ చల్లటి నీళ్లిచ్చారు, పాపం. నేను తాగలేదు, ఇంటిదాకా నడవాల్సి ఉంది.

మర్నాడు లాల్‌బీతో అన్నాను. "అక్కా, గా ఓపెనింగ్ ఏందో మనమే చేసుకుందాం. తాళం పలగ్గొడ్దాం."

లాల్‌బీ నిమ్మకాయలు తుడుస్తూ ఆలోచించింది. "ఉత్తగ పలగ్గొడ్తె దొంగలంటరు. నలుగురికి చెప్పి పలగ్గొడ్దాం. ఫ్లెక్సీ ఏపిద్దాం."

భానుచందర్ ఫ్లెక్సీ షాపులో మమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మర్యాదగా అడిగాడు.

"ఎవల ఫొటో పెట్టాలె అక్కా?"

"ఎవలది వద్దు."

"పైన గుండ్రాలల్ల పెద్ద లీడర్లు?"

"వద్దు."

"పోనీ, కింద శుభాకాంక్షలతోని అని ఎవలన్న యూత్ లీడరు?"

"వద్దంటాన గదనయ్యా!"

అతను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. "అక్కా, ఫొటో లేని ఫ్లెక్సీ నేను ఇంతవరకు కొట్టలే. గింత జాగ ఖాళీగుంటది. ఏం నింపాలె మరి?"

లాల్‌బీకి వెంటనే తట్టింది. "కొత్తిమీర కట్ట బొమ్మ పెట్టు బిడ్డా."

అలా మా ఊరి మెయిన్ రోడ్డు మీద, మనిషంత కొత్తిమీర కట్టతో ఫ్లెక్సీ లేచింది. "వచ్చే సోమవారం పొద్దున ఆడవాళ్ల బాత్రూంలు తెరుస్తున్నాం. అందరూ రావాలి. ఇట్లు, కూరగాయల మార్కెట్ ఆడవాళ్లు." అంతే రాయించాం.

మా ఊరికి ఆ ఫ్లెక్సీ అర్థం కాలేదు. బండ్లు ఆపుకుని మరీ ఫొటో కోసం వెతికారు. చాయ్ హోటల్లో ఇదే చర్చ. కొత్తిమీర కట్ట ఏ పార్టీ గుర్తు అని ఒకడు. కొత్త పార్టీ ఏదో వస్తోందని ఇంకొకడు. రాజేశ్వర్ రావు మనుషులు ఇది హరికృష్ణ పనే అన్నారు. హరికృష్ణ మనుషులు ఇది ఖాయంగా రాజేశ్వర్ రావు ఎత్తే అన్నారు. ఆడవాళ్లు తామంతట తాము ఒక పని అనుకున్నారన్న సంగతి మాత్రం ఒక్కరికీ తోచలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాకు.

సాయంత్రానికి రాజేశ్వర్ రావు మనిషి ఒకతను మోటార్ సైకిల్ దిగకుండానే నన్ను నిలదీశాడు.

"నిజం చెప్పక్కా. మీ ఎనుక ఎవలున్నరు?"

"నా ఎనుక గోడున్నది. ముందట మీ తాళం ఉన్నది."

"తాళం ముట్టకుండ్రి. సోమవారం చైర్మన్ సారే వచ్చి ఓపెన్ చేస్తాండు."

అతను అటు పోయాడో లేదో, హరికృష్ణ మనిషి వచ్చి అదే మాట తన నాయకుడి పేరుతో అన్నాడు. తెల్లారేసరికి మా ఫ్లెక్సీకి అటొకటి ఇటొకటి, దండాలు పెడుతున్న నాయకుల ఫ్లెక్సీలు లేచాయి. నడుమ పచ్చగా మా కొత్తిమీర.

ఆ మాట చెబితే అత్త గడప మీద నుంచి నా వైపు తలెత్తి చూసింది.

"నిజంగనే తీస్తరా?"

"తియ్యకుంటే నేనే పలగ్గొడ్త అత్తమ్మా."

అత్త మెల్లగా అంది. "సుత్తె మంచం కింద సంచిలున్నది. ఎందుకన్న మంచిది, ఎంట తెచ్చుకో."

మా ఆయన ఏదో అనబోయాడు. "నువ్వు బండి చూసుకో కొడుకా" అని ఆమె అతని నోరు మూయించింది. మా అత్త తిరిగొచ్చింది! నాకు పట్టరాని సంతోషమైంది.

సోమవారం తెల్లవారేసరికి మార్కెట్ పెళ్లిపందిరిలా ఉంది. యాకయ్య బాబాయి తాళం తీసి, లోపలంతా కడిగించి, ట్యాంకు నింపించి, వాకిట్లో బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లటి గీతలు వేయించాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. అడ్డంగా ఎర్ర రిబ్బన్. పైన షామియానా, కింద కుర్చీలు, మైకు. అత్త తన చోట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. మా బిడ్డ తేజస్వి బడి సీసా, బొమ్మలున్న నీలం రంగుది, పక్కన పెట్టుకుంది. అందరూ చూస్తుండగా మూత తీసి గటగటా తాగింది. "ఇగ తెరిసే ఉన్నది గదా, ఎందుకు భయం?" అని సగం సీసా ఖాళీ చేసింది. లియాఖత్ అలీ చప్పట్లు కొట్టాడు. కాసేపటికి మిగతా సగమూ తాగింది.

నాయకులు రావాలి కదా. ఎండ చుర్రుమనే వేళకు రాజేశ్వర్ రావు వచ్చాడు. ఆ వెంటనే హరికృష్ణ వచ్చాడు. ఎవరి మనుషులు వాళ్ల నాయకుడి పేరున్న రాయిని ఆటోలో వేసుకొచ్చారు. రెండు రాళ్లనూ గోడకు అటూ ఇటూ ఆనించారు. పళ్లెంలో కత్తెర ఒకటే ఉంటుందనుకున్నాను. కత్తెరలూ రెండు వచ్చాయి.

"ఇది మున్సిపాలిటీ నిధులతో కట్టిన భవనం" అన్నాడు రాజేశ్వర్ రావు మైకులో. అది భవనమని మాకు అప్పుడే తెలిసింది.

"జాగ ఎవరిదో గది సుత చెప్పాలె సారూ" అని హరికృష్ణ మైకు అందుకున్నాడు.

మాటా మాటా పెరిగింది. ముందు ఏ రాయి బిగించాలి, ముందు ఎవరు కత్తెర పెట్టాలి, ఫొటోలో కుడివైపు ఎవరుండాలి. యాకయ్య బాబాయి చెమట తుడుచుకుంటూ ఇద్దరి మధ్యా తిరుగుతున్నాడు. మేమంతా షామియానా బయట ఎండలో నిలబడ్డాం. అత్త నా కొంగు పట్టి లాగింది.

"ఓ పిల్లా. నాకు ఆగుతలేదే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "జర ఓర్సుకో అత్తమ్మా. రిబ్బన్ కోసేదాక."

"ఇన్నేండ్లు ఓర్సుకున్న. ఇగ నాతోని కాదు."

ఖాళీ సీసా నా చేతిలో పెట్టి లేచింది. చీర కొంచెం ఎత్తిపట్టుకుని, కుర్చీల నడుమ నుంచి, మైకు వైరు దాటుకుని, సూటిగా నడిచింది. ఇద్దరు చైర్మన్ల దగ్గర ఆగింది.

"జర జరుగుండ్రి బిడ్డా."

ఇద్దరూ జరిగారు. ఎందుకు జరిగారో వాళ్లకూ తెలియదనుకుంటా. ఆ గొంతు వింటే మార్కెట్లో తిరిగే ఆంబోతు కూడా పక్కకు పోతుంది. అత్త నడుము వంచి, రిబ్బన్ కింది నుంచి దూరి, లోపలి తలుపు వేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

రెండు కత్తెరలూ గాలిలోనే ఉన్నాయి. లోపల నల్లా తిప్పిన చప్పుడు, బకెట్లో నీళ్లు పడిన చప్పుడు. లాల్‌బీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొంతసేపటికి అత్త బయటికి వచ్చింది. మళ్లీ వంగి, రిబ్బన్ కింది నుంచే. మొహం కడుక్కున్నట్టుంది, కొంగుతో తుడుచుకుంటోంది.

"పెద్దమ్మా, ఇంకా ఓపెనింగ్ కాలే..." అన్నాడు హరికృష్ణ.

"కాకుంటే కానియ్యుండ్రి బిడ్డా, నేను వద్దన్ననా? నీళ్లైతే మంచిగనే వస్తానయ్."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. మార్కెట్ మార్కెటంతా గొల్లుమంది. కాయలమ్మే మగవాళ్లు ఈలలు వేశారు. లాల్‌బీ బురఖా సర్దుకుని, "నేను పోతాన" అని రిబ్బన్ కింది నుంచి దూరింది. ఆమె వెనక టమాటాల కట్టమ్మ, ఆమె వెనక చేపల ఎల్లమ్మ, ములుగు నుంచి తేనె తెచ్చే ఆడవాళ్లు, అలా మార్కెట్ చివరిదాకా బారు కట్టారు. వంగినవాళ్ల వీపులు తగిలి తగిలి రిబ్బన్ ఒకవైపు ఊడి కింద పడింది. ఫొటోలు తీయడానికి వచ్చిన అబ్బాయి నాయకులను వదిలేసి ఆ బారునే తీసుకున్నాడు. రాజేశ్వర్ రావు మా అందరికీ అభినందనలు చెప్పి కారెక్కాడు. హరికృష్ణ తన రాయిని ఆటోలో వేయించుకున్నాడు.

నేను యాకయ్య బాబాయి ముందు చెయ్యి చాపాను. "తాళంచెవి ఇటియ్యి బాబాయ్."

"నా దగ్గరుంటే ఏమైతది బిడ్డా?"

"మళ్ల తాళం పడ్తది."

ఆయన చుట్టూ చూశాడు. అడగడానికి అక్కడ ఏ సారూ మిగల్లేదు. గుత్తిలోంచి తాళంచెవి ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "పదిలం బిడ్డా" అని ముసిముసిగా నవ్వాడు. నేను తీసుకుపోయి అత్త కొంగుకు ముడివేశాను.

మా ఆయన ఆటో పక్కన నిలబడి అంతా చూశాడు. తల్లి దగ్గరికి వచ్చి, ఇంటికి పద అంటాడేమో అనుకున్నాను.

"పొద్దుమీకి ఎప్పుడు రావాలె అమ్మా, తీస్కపోనీకె?"

"బేరాలైనంక రా. ఉత్తగ ముందుగాల్నే వచ్చి నా పానం తియ్యకు."

అతను నవ్వుతూ బండి స్టార్ట్ చేశాడు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా అత్తను ఇంట్లో కూర్చోబెట్టే మాట ఎవరూ ఎత్తలేదు.

అత్త తన చోట్లో కూర్చుని ముందుగా నేను కట్టిన కట్టలన్నీ విప్పేసింది. "గివి కట్టలా?" అంటూ ఒక్కొక్కటీ మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. నారకు బదులు పుదీనా కట్టడానికి లాల్‌బీ ఆ ఎర్ర రిబ్బన్ ముక్కలు చేసుకుంటోంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చింది.

"లియాఖత్, గా తర్బూజ ఇటు దే."

"ముక్కనా అమ్మా?"

"ముక్కెందుకు బిడ్డా? కాయ కొయ్యి."

అతను ఉన్నవాటిలోకెల్లా పెద్దది వెతికి కోశాడు. అత్త రెండు చేతులతో పట్టుకుని తింటోంది. రసం మోచేతుల దాకా కారుతోంది. గింజలు పక్కకు ఊస్తోంది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక పెద్ద ముక్క నా వైపు తోసింది.

"తిను పిల్లా. ఫికర్ చెయ్యకు, తాళంచెవి నా కొంగుకున్నది."